ఒక రిగ్గు, నాలుగు యాంటెన్నాలు, మధ్యలో ఒక మీట



హైదరాబాద్ ఆకాశవాణి 'ఎ' కేంద్రం మీడియం వేవ్‌లో 738 కిలోహెర్ట్జ్ మీద వస్తుంది. విజయవాడ కేంద్రం 837 మీద. రేడియో ముల్లు తిప్పుతూ పెరిగిన తరానికి ఈ అంకెలు ఇప్పటికీ నోటికి వస్తాయి. పొద్దున తొలి ప్రసారం నుంచి రాత్రి చివరి వార్తల దాకా, ఏడాది పొడుగునా ఆ అంకె మారదు. అంకె మారదు కాబట్టి ఆ కేంద్రం యాంటెన్నా కూడా మారాల్సిన పని లేదు. 738 కిలోహెర్ట్జ్ తరంగదైర్ఘ్యం సుమారు 406 మీటర్లు. ఆ ఒక్క కొలతకు తగ్గట్టు స్తంభం నిలబెట్టి, శ్రుతి చేసి వదిలేస్తే ఏళ్ల తరబడి అదే పని చేస్తుంది.

ఇంట్లో ఒక గదిలో కూర్చుని మాట్లాడే అమెచ్యూర్ రేడియో వాళ్లకు, అంటే మా హామ్‌లకు, ఆ వెసులుబాటు లేదు. ప్రభుత్వం మాకు ఇచ్చింది ఒక్క ఫ్రీక్వెన్సీ కాదు, కొన్ని బ్యాండ్లు. 3.5 మెగాహెర్ట్జ్ దగ్గర ఒకటి, 7 దగ్గర ఒకటి, 14, 21, 28 దగ్గర ఒక్కొక్కటి, ఇంకా పైకి వెళ్తే 144 దగ్గర, 434 దగ్గర. తరంగదైర్ఘ్యాన్ని బట్టి వీటిని 80 మీటర్లు, 40 మీటర్లు, 20 మీటర్లు అని పిలుచుకుంటాం. ఒక్కో బ్యాండ్‌కు ఒక్కో వేళ, ఒక్కో దూరం. పగటిపూట 40 మీటర్ల మీద హైదరాబాద్ నుంచి విజయవాడ, కర్నూలు బాగా పలుకుతాయి. పొద్దుగూకాక అదే బ్యాండ్ మీద దగ్గరివాళ్లు మాయమై వేల కిలోమీటర్ల అవతలివాళ్లు వినిపించడం మొదలవుతుంది. 20 మీటర్లు దూరదేశాల బ్యాండ్. 10 మీటర్ల బ్యాండ్ సూర్యుడి మచ్చల పదకొండేళ్ల చక్రాన్ని బట్టి నడుస్తుంది. కొన్నేళ్లు హోరెత్తిపోతుంది, కొన్నేళ్లు నోరు మెదపదు.

యాంటెన్నా పొడవు బ్యాండ్‌ను బట్టి మారుతుంది. అందరూ మొదట కట్టేది డైపోల్. మధ్యలో కేబుల్ కలిపి, రెండు పక్కలకూ చాచి కట్టిన రాగి తీగ. దీని పొడవు మీటర్లలో కావాలంటే 143ని మెగాహెర్ట్జ్‌తో భాగించండి. 7.1కి సుమారు 20 మీటర్లు, 14.2కి 10 మీటర్లు, 28.4కి 5 మీటర్లు. మన ఊళ్లలో చాలామందికి ఉండేది 200 గజాల స్థలం, 30 అడుగుల వెడల్పు, 60 అడుగుల పొడవు. దాని మూల నుంచి మూలకు కొలిస్తే 67 అడుగులు వస్తుంది. 40 మీటర్ల బ్యాండ్ డైపోల్ పొడవు 66 అడుగులు. ఆ స్థలానికి కొలిచి కుట్టినట్టు సరిపోతుంది. ఈ కొలత చూసినప్పుడల్లా నాకు సంతోషంగా ఉంటుంది. 80 మీటర్లకు మాత్రం ఆ డాబా చాలదు. తీగ వంచాలి, లేదా పక్కింటివాళ్లను బతిమాలుకోవాలి.

ఒకే తీగను అన్ని బ్యాండ్లకూ వాడకూడదా అని మీకు అనిపించవచ్చు. కొంతవరకు వాడవచ్చు. 7 మెగాహెర్ట్జ్ డైపోల్ 21 మెగాహెర్ట్జ్ మీద కూడా పలుకుతుంది, ఎందుకంటే 21 అనేది 7కి మూడు రెట్లు. ట్యూనర్ పెట్టి ఇంకా లాగవచ్చు. కానీ ట్యూనర్ చేసేది రిగ్గును, మా రేడియో సెట్టును, ఒప్పించడం వరకే. అంటే ట్రాన్స్‌మిటర్‌కు సరైన భారం కనపడేలా చేస్తుంది. తీగ ఏ దిక్కుకు, ఏ కోణంలో శక్తిని పంపుతుందన్నది అది మార్చలేదు. అసలు తేడా అంతా అక్కడే ఉంది.

దిక్కుల సంగతి కొంచెం వివరంగా చెబుతాను. మన తెలుగువాళ్లు లక్షల్లో అమెరికాలో ఉన్నారు. హైదరాబాద్ నుంచి న్యూయార్క్ ఏ దిక్కున ఉందని అడిగితే ఎక్కువమంది పడమర అంటారు. గోడమీది పటం చూస్తే అలాగే ఉంటుంది మరి. రేడియో తరంగం గోళం మీద దగ్గరి దారి పట్టుకుని పోతుంది. ఆ లెక్కన న్యూయార్క్ మనకు దాదాపు ఉత్తరం, కాస్త పడమర వైపు ఒరిగి. కాలిఫోర్నియా కూడా దాదాపు ఉత్తరమే, కాస్త తూర్పు వైపు ఒరిగి. లండన్ వాయవ్యాన ఉంది. టోక్యో ఈశాన్యాన. సిడ్నీ ఆగ్నేయాన. డైపోల్ తన తీగకు అడ్డంగా, రెండు పక్కలకూ ఎక్కువగా పలుకుతుంది, కొసల వైపు తక్కువ. కాబట్టి తూర్పు పడమరలుగా కట్టిన తీగ అమెరికాకు పనికొస్తుంది. ఈశాన్యం నుంచి నైరుతికి కట్టింది ఒక పక్క ఐరోపాను, ఇంకో పక్క ఆస్ట్రేలియాను పట్టుకుంటుంది. అయితే ఈ దిక్కుల పట్టింపు కనపడాలంటే తీగ నేలకు కనీసం సగం తరంగదైర్ఘ్యం ఎత్తులో ఉండాలి. 20 మీటర్ల బ్యాండ్‌కు అది 10 మీటర్లు. రెండంతస్తుల డాబా మీద ఒక వెదురు గడ నిలబెడితే అందుతుంది.

ఇలా ఒక్కొక్కటిగా చేరుతాయి. 40 మీటర్లకు ఒక డైపోల్, 20 మీటర్లకు వేర్వేరు దిక్కులకు రెండు, ఊళ్లో మాటలకు 144 మెగాహెర్ట్జ్ నిలువు కడ్డీ ఒకటి. నాలుగు కేబుళ్లు కిటికీలోంచి గదిలోకి దిగుతాయి. రిగ్గు వెనక ఉండే సాకెట్ మాత్రం సాధారణంగా ఒకటే, మహా అయితే రెండు. వాటి మధ్య కూర్చునే చిన్న డబ్బా గురించే ఈ ప్రసంగం.

హామ్‌లు నలుగురు కలిస్తే రిగ్గుల గురించి గంటల తరబడి మాట్లాడుకుంటారు. యాంటెన్నాల గురించైతే పూట గడిచిపోతుంది. స్విచ్ ఊసు ఎత్తేవాళ్లు తక్కువ. నా మటుకు నాకు, డాబా మీది నాలుగు తీగలను ఒక స్టేషన్‌గా చేసేది ఆ స్విచ్చే. అది లేనివాడికి నాలుగు యాంటెన్నాలున్నా ఒకటి ఉన్నట్టే లెక్క. ఎందుకంటే యాంటెన్నా మార్చాలంటే రిగ్గును ముందుకు లాగి, వెనక చెయ్యి పెట్టి, పీఎల్-259 కనెక్టర్ మరలు విప్పి, ఇంకోటి తెచ్చి బిగించాలి. ఈలోగా అవతలి మనిషి గొంతు పోతుంది. రెండుమూడుసార్లు ఇలా అయ్యాక ఎవరైనా విసిగి, సాయంత్రమంతా ఒకే తీగ మీద కూర్చుంటారు. ఆ రాత్రి లండన్ వినపడలేదంటే బ్యాండ్ బాగాలేదనుకుంటారు. బ్యాండ్ బాగానే ఉంటుంది, తీగ కొస అటు తిరిగి ఉంటుంది.

ఆ డబ్బా లోపల ఏముందో చూద్దాం. మంచి కోయాక్సియల్ స్విచ్ బరువుగా ఉంటుంది, పోత పోసిన లోహంతో చేస్తారు. రెండు యాంటెన్నాల రకంలో వెనక మూడు సాకెట్లు: మధ్యది రిగ్గుకు, చెరో పక్కది చెరో యాంటెన్నాకు. ముందు ఒక మీట. పై మూత నాలుగు మరలు తీసి చూస్తే, లోపల లోహాన్ని తొలిచిన గదుల్లాంటి గుంటలు కనిపిస్తాయి. మధ్య గుంటలో ఒక వెడల్పాటి పట్టీ, మీటతో పాటు తిరుగుతుంది. ఒక పక్కకు తిప్పితే ఆ పట్టీ ఆ వైపు సాకెట్ మొన మీద గట్టిగా ఒరుసుకుని కూర్చుంటుంది. అదే క్షణంలో రెండో వైపు సాకెట్ మొనను ఒక స్ప్రింగు రేకు డబ్బా గోడకు, అంటే ఎర్త్‌కు ఒత్తేస్తుంది. వాడని యాంటెన్నా గాలిలో వేలాడుతూ ఉండదు, ఎర్త్‌కు కట్టుబడి ఉంటుంది. ఆ గుంటల కొలతలు కూడా ఊరికే పెట్టినవి కావు. కేబుల్ 50 ఓమ్‌లది కాబట్టి, లోపలి దారి కూడా వీలైనంత 50 ఓమ్‌ల దారిలాగే ఉండాలి. 7 మెగాహెర్ట్జ్ మీద ఈ పట్టింపు పెద్దగా తెలియదు. 144కి, 434కి వచ్చేసరికి బాగా తెలుస్తుంది. మామూలు కరెంటు స్విచ్చులు, టీవీ వెనక పెట్టే చిన్న డబ్బాలు ఇక్కడ పనికిరానిది అందుకే.

చేత్తో చేసుకోవాలనుకునేవాళ్లకు పింగాణీ పలకల పాత రోటరీ స్విచ్ దొరికితే హెచ్‌ఎఫ్ (3.5 నుంచి 28 మెగాహెర్ట్జ్ దాకా ఉన్న) బ్యాండ్లకు, 100 వాట్లకు చక్కగా సరిపోతుంది. హైదరాబాద్ కోఠిలో గుజరాతీ గల్లీ దుకాణాల్లో ఇలాంటివి ఓపికగా వెతకాలి. బేకలైట్ పలకది వద్దు, పింగాణీదే తీసుకోండి. దాన్ని లోహపు డబ్బాలో బిగించి, సాకెట్ల నుంచి పలక దాకా వైర్లు వీలైనంత పొట్టిగా టంకం పెట్టాలి. ఇక్కడ రెండు అంగుళాల వైరు మిగిలితే అది కూడా యాంటెన్నాలో భాగమై కూర్చుంటుంది.

ఇక ఆ మీటతో వినడం ఎలాగో చెప్పాలి. నాకు అన్నిటికంటే ఇష్టమైన పని అది. సాయంత్రం 14 మెగాహెర్ట్జ్ మీద ఐరోపా స్టేషన్ ఒకటి వస్తోందనుకోండి. తూర్పు పడమరల తీగ మీద, సిగ్నల్ బలం చూపే ఎస్-మీటర్ ముల్లు 5 దగ్గర ఊగుతోంది. మీట తిప్పి, ఈశాన్యం నైరుతి తీగకు మార్చితే ముల్లు 7కు లేస్తుంది. ఎస్-మీటర్‌లో ఒక్కో అంకె 6 డెసిబెల్స్, అంటే శక్తిలో నాలుగు రెట్లు. రెండంకెల తేడా అంటే పదహారు రెట్లు. 100 వాట్లవాడు ఒక్కసారిగా 1600 వాట్లవాడిలా వినిపిస్తున్నాడన్నమాట. యాంటెన్నా ఇటు వినడానికి ఎంత మేలు చేస్తుందో అటు పలకడానికీ అంతే మేలు చేస్తుంది కాబట్టి, మన గొంతు కూడా అక్కడ అంతే లేస్తుంది. పైసా ఖర్చు లేకుండా, అదనపు కరెంటు లేకుండా.

అయితే ఒక్కసారి తిప్పి తీర్పు చెప్పకూడదు. అయనావరణం మీద తరంగం ఎప్పుడూ ఒకేలా రాదు. సెకన్ల వ్యవధిలో పెరుగుతుంది, తరుగుతుంది. మీరు మీట తిప్పిన క్షణంలోనే సిగ్నల్ తనంతట తాను లేచి ఉండవచ్చు. ఆ లేవడాన్ని యాంటెన్నా గొప్పతనం అనుకుంటే మోసపోతాం. అటూ ఇటూ పలుమార్లు తిప్పాలి. ప్రతిసారీ ఒకే వైపు మొగ్గితేనే నమ్మాలి. స్విచ్ లేకుండా ఈ పరీక్ష కుదరనే కుదరదు. కనెక్టర్ విప్పి బిగించే నిమిషంలో ఆకాశమే మారిపోతుంది.

ముల్లు ఒక్కటే చూసి మోసపోకూడదు కూడా. అదే బ్యాండ్‌కు నిలువు కడ్డీ యాంటెన్నా కూడా ఉంటే, దాని మీద ముల్లు ఎత్తుగా ఉండి, మాట అర్థం కాకపోవడం తరచూ జరుగుతుంది. ఊళ్లో ఎల్‌ఈడీ బల్బులు, ఇన్వర్టర్లు, ఫోన్ ఛార్జర్లు చేసే గరగరను నిలువు యాంటెన్నాలు ఎక్కువ పట్టుకుంటాయి. అడ్డం తీగకు మార్చితే ముల్లు కిందికి దిగుతుంది, గొంతు మాత్రం తేటపడుతుంది. మనకు కావలసింది సిగ్నల్‌కూ గరగరకూ మధ్య ఎడం. ఆ ఎడాన్ని పట్టుకునేది చెవే. నా పాఠమంతా ఒక్క ముక్కలో చెప్పమంటే, ఒక చెయ్యి మీట మీద, ధ్యాస చెవి మీద పెట్టమంటాను.

ఇప్పుడు ప్రమాదం సంగతి. మాట్లాడుతుండగా, అంటే ట్రాన్స్‌మిటర్ శక్తి పంపుతుండగా, మీట తిప్పకూడదు. 100 వాట్లు 50 ఓమ్‌ల కేబుల్‌లో పోతున్నప్పుడు దాదాపు 70 వోల్టులు, 1.4 ఆంపియర్లు నడుస్తూ ఉంటాయి. పట్టీ ఒక మొనను వదిలి ఇంకో మొనను అందుకునే లోపు దారి తెగుతుంది. తెగిన చివర వోల్టేజి రెట్టింపు దాకా లేస్తుంది. విడిపోతున్న లోహాల మధ్య నిప్పురవ్వ పుడుతుంది. ఒక్కోసారి కళ్లకు కనిపించదు కూడా. కానీ ప్రతి రవ్వా వెండి పూతలో ఒక చిన్న గుంట తొలుస్తుంది. గుంట పడ్డ చోట మసి చేరుతుంది, ఆనిక చెడుతుంది, ఇక అక్కణ్నించి వచ్చే సిగ్నల్ తెగుతూ తగులుతూ ఉంటుంది. రిగ్గు వైపు ఇంకా నష్టం. భారం లేకుండా పోయిన ఆ క్షణంలో పంపిన శక్తి వెనక్కి కొడుతుంది. ఇప్పటి రిగ్గుల్లో ఎస్‌డబ్ల్యూఆర్ (వెనక్కి తిరిగే శక్తికి కొలత) పెరగ్గానే శక్తి తగ్గించే రక్షణ ఉంది. పెద్ద యాంప్లిఫయర్ తగిలించినప్పుడు దాని మీద భరోసా పెట్టుకోలేం. కాజీపేట జంక్షన్‌లో రైలు పాయింట్ల మీద నడుస్తుండగా ఎవరూ పాయింట్లు మార్చరు. ఇక్కడా అంతే. మైకు మీట వదలాలి, రిగ్గు వినే స్థితికి రావాలి, అప్పుడు తిప్పాలి. ఆ వరస చేతికి అలవాటైపోవాలి.

యాంటెన్నాలు డాబా మీద కాక, దూరంగా తోటలోనో టవరు మీదనో ఉంటే లెక్క మారుతుంది. సన్నని ఆర్‌జీ-58 కేబుల్ 30 మీటర్ల పొడవు వాడితే 28 మెగాహెర్ట్జ్ దగ్గర సుమారు రెండున్నర డెసిబెల్స్ నష్టం. 100 వాట్లు బయల్దేరితే యాంటెన్నాకు చేరేది 56. మిగతాది కేబుల్‌ను వేడి చేస్తుంది. లావు ఆర్‌జీ-213 అయితే నష్టం సగానికి సగం తగ్గుతుంది, కానీ ఖరీదు. నాలుగు యాంటెన్నాలకు నాలుగు లావు కేబుళ్లు లాగే స్తోమత ఎంతమందికి ఉంటుంది? అందుకే తెలివైనవాళ్లు స్విచ్‌నే టవరు దగ్గరికి పంపిస్తారు. ఒకే ఒక్క మంచి కేబుల్ టవరు దాకా లాగుతారు. అక్కడ డబ్బాలో నాలుగు రిలేలు, అంటే కరెంటుతో పనిచేసే స్విచ్చులు. గదిలోంచి 12 వోల్టులు పంపితే కోరిన రిలే టక్కున పడుతుంది. ఆ 12 వోల్టులకు విడిగా సన్నని వైరు లాగవచ్చు, లేదా కాయిల్, కెపాసిటర్ పెట్టి అదే కోయాక్స్‌లోంచి పంపవచ్చు. సన్నటి కేబుళ్లు నాలుగు లాగడం కంటే లావుది ఒకటి, రిలే డబ్బా ఒకటి ఎప్పుడూ మేలు. దీన్ని నేను గట్టిగా చెబుతాను.

రిలే డబ్బా కట్టేటప్పుడు రెండు చిన్న భాగాలు మరవకండి. రిలే కాయిల్‌కు అడ్డంగా, తిరగేసి పెట్టిన 1N4007 డయోడ్ ఒకటి. కరెంటు ఆపగానే కాయిల్ వెనక్కి కొట్టే పోటును అది మింగేస్తుంది. కంట్రోల్ వైరు డబ్బాలోకి దిగే చోట 0.01 మైక్రోఫారడ్ కెపాసిటర్ ఒకటి, ఎర్త్‌కు. లేకపోతే ఆ వైరు వెంబడి రేడియో శక్తి మీ బల్లమీదికి నడిచి వస్తుంది. రిలేలను ఎలా కలపాలంటే, 12 వోల్టులు లేనప్పుడు అన్ని యాంటెన్నాలూ వాటంతట అవే ఎర్త్‌కు కట్టుబడాలి. గదిలో కరెంటు పోయినా, మీరు ఊరెళ్లినా, డబ్బా తన పని తాను చేసుకుంటుంది.

బయట పెట్టిన డబ్బాకు శత్రువులు చాలామంది. వాన నీరు కేబుల్ వెంబడి జారి లోపలికి రాకుండా, కేబుల్‌ను డబ్బా కంటే కిందికి ఒక వంపు తిప్పి, తర్వాత పైకి తేవాలి. కనెక్టర్లన్నీ అడుగు వైపే ఉండాలి. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు ఊళ్లలో ఉప్పుగాలికి పీఎల్-259 కనెక్టర్ ఏడాది తిరక్కుండానే చిలుము పడుతుంది. దానికదే అతుక్కుపోయే రబ్బరు టేపు మొదలంటా చుట్టాలి. చీమలు రిలే మొనల మధ్య కాపురం పెడతాయి. కుమ్మరి పురుగు ఏ చిన్న కన్నం దొరికినా మట్టిగూడు కడుతుంది. డబ్బా అడుగున నీరు కారడానికి కన్నం ఉండాల్సిందే, దానికి సన్నని జల్లెడ వలా అంటించాల్సిందే. కోతులున్న ఊళ్లలో కేబుల్‌ను గొట్టంలోంచి తీసుకెళ్లడం ఒక్కటే దారి.

రిలే పనితనం ఎంతదూరం పోతుందో చెప్పడానికి ఒక మాట. టవరు మీద పెద్ద యాగీ యాంటెన్నాను మోటారుతో ఒక చుట్టు తిప్పాలంటే నిమిషం దాకా పడుతుంది. నాలుగు నిలువు కడ్డీలను చతురస్రంగా నిలబెట్టి, వాటికి వెళ్లే శక్తి దశలను రిలేలతో మార్చే ఏర్పాటు ఉంది. అందులో ఏ కడ్డీ కదలదు. రిలేలు సెకనులో వందో వంతులో పడతాయి, మొత్తం యాంటెన్నా చూపు ఒక మూల నుంచి ఇంకో మూలకు తిరుగుతుంది. అక్కడ స్విచ్ అనేది యాంటెన్నాకు తోడు కాదు, యాంటెన్నాలో సగం.

ఒక స్టేషన్‌లో రెండు రిగ్గులు ఒకేసారి పనిచేస్తే ఇంకో చిక్కు వస్తుంది. ఒక దారిలో పోయే శక్తి, మూసి ఉన్న దారిలోకి ఎంత ఊరుతుంది? దీన్ని ఐసొలేషన్ అంటాం. మంచి స్విచ్‌లో అది 60 డెసిబెల్స్ దాటుతుంది, అంటే పది లక్షల్లో ఒక వంతు. 100 వాట్లలో ఊరేది వాటులో పదివేలవ వంతు. నాసిరకం స్విచ్‌లో 30 డెసిబెల్సే ఉంటే, ఊరేది వాటులో పదో వంతు. మైక్రోవోల్టులను వెతికే రిసీవర్ ముందు భాగానికి అది తట్టుకోలేని పోటు. 2005 మే 5న శ్రీహరికోట నుంచి పీఎస్ఎల్‌వీ-సీ6 మీద వెళ్లిన ఉపగ్రహం హామ్‌శాట్‌ను వాడినవాళ్లకు ఈ లెక్క బాగా తెలుసు. పైకి 435 మెగాహెర్ట్జ్ దగ్గర పలుకుతూ, కిందికి 145 దగ్గర వచ్చే తన గొంతును అదే క్షణంలో వినాలి. అక్కడ రెండు యాంటెన్నాలూ ఒకేసారి బతికి ఉండాలి, ఒకదాని శక్తి ఇంకోదాని దారిలోకి రాకూడదు.

వాడని తీగ ఎర్త్‌కు కట్టుబడి ఉంటే దాని పని అయిపోయినట్టు కాదు. పక్కపక్కనే ఒకే బ్యాండ్ తీగలు రెండు ఉంటే, ఊరుకున్న తీగ పలుకుతున్న తీగ శక్తిని కొంత లాక్కుని, దిక్కును వంకర చేయగలదు. గది దగ్గర ఎర్త్ చేసినంత మాత్రాన తీగ దగ్గర ఎర్త్ అయినట్టు కాదు. కేబుల్ పావు తరంగదైర్ఘ్యం పొడవుంటే, ఇటు చివర మూసిన దారి అటు చివరకు తెరిచిన దారిలా కనిపిస్తుంది. రెండు తీగలు కట్టాక ఒకటి ఉన్నట్టుండి మునుపటిలా పలకడం లేదంటే, కేబుల్ పొడవు ఒక మీటరో రెండో మార్చి చూడమని నా సలహా.

పిడుగుల విషయం తేలిగ్గా వదిలేది కాదు. 2018 ఏప్రిల్ 24న ఆంధ్రప్రదేశ్‌లో 13 గంటల్లో 36,749 పిడుగులు పడినట్టు రాష్ట్ర విపత్తు నిర్వహణ సంస్థ లెక్క కట్టింది. వేసవి చివర మన ప్రాంతంలో మధ్యాహ్నం దాటాక మబ్బు కమ్మడం, ఈదురుగాలి, ఉరుములు, అన్నీ అరగంటలో జరిగిపోతాయి. స్విచ్‌లో ఎర్త్ స్థానం ఉంది కదా అని ధైర్యం పడకండి. ఆ స్థానం రెండు పనులకు నిజంగా పనికొస్తుంది. ఎండు గాలులకు పొడవాటి తీగ మీద చేరే స్థిర విద్యుత్తును మెల్లగా నేలలోకి దింపుతుంది. దూరాన పడ్డ పిడుగు వల్ల తీగలో పుట్టే పోటును కొంత తగ్గిస్తుంది. నెత్తిన పడే పిడుగు కిలోమీటర్ల గాలిని చీల్చుకుని వస్తుంది. స్విచ్ లోపల రెండు మొనల మధ్య ఉండే ఎడం కొన్ని మిల్లీమీటర్లు. అది దానికి ఒక అడ్డా? ఉరుము దూరంగా ఉండగానే, ముందే కేబుళ్లన్నీ విప్పి, గది బయట ఎర్త్ పలకకు బిగించాలి. రిగ్గు కరెంటు ప్లగ్ కూడా తీసేయాలి. ఉరుము దగ్గరికి వచ్చాక మాత్రం కేబుల్ ముట్టుకోవద్దు. రిగ్గు పోతే పోయింది, మనిషి ముఖ్యం.

రేడియో అవసరం నిజంగా పడే రోజులు కూడా ఇలాంటి విపత్తుల్లోనే వస్తాయి. 2004 డిసెంబరులో హైదరాబాద్‌లోని జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ తరఫున భారతీ ప్రసాద్ బృందం పోర్ట్ బ్లెయిర్ వెళ్లింది. చాలా ఏళ్ల తర్వాత అండమాన్ నుంచి హామ్ రేడియో పలకడం అది. ప్రపంచమంతా వీయూ4ఆర్‌బీఐ అనే పిలుపు (ఆ స్టేషన్ గుర్తింపు పేరు) కోసం ఎదురుచూస్తోంది. 26న సునామీ వచ్చింది. సరదాగా మొదలైన స్టేషన్ కబుర్లు పక్కన పెట్టి, క్షేమ సమాచారాలు అందించే పనిలోకి దిగింది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను తాకినప్పుడు సెల్‌ఫోన్లు మూగబోవడం మనమంతా చూశాం.

అలాంటి రోజున ఒక స్టేషన్‌కు దగ్గరి దూరం, దూరపు దూరం రెండూ కావాలి. పక్క వీధిలోని సహాయ బృందంతో మాట్లాడటానికి 144 మెగాహెర్ట్జ్ నిలువు కడ్డీ. 300 కిలోమీటర్ల అవతలి జిల్లా కేంద్రానికి, ఆరేడు మీటర్ల ఎత్తులో తక్కువగా కట్టిన 40 మీటర్ల తీగ. తక్కువ ఎత్తు ఇక్కడ లోపం కాదు. శక్తి నిటారుగా పైకి పోయి, అయనావరణం నుంచి తిరిగి చుట్టుపక్కల జిల్లాల మీద పడుతుంది. రాత్రి అదే దూరానికి 80 మీటర్ల తీగ. బ్యాటరీ మీద నడుస్తూ, నిద్ర లేక, లాంతరు వెలుతురులో కూర్చున్న ఆపరేటర్ వీటి మధ్య క్షణంలో మారగలగాలి. మీట మీద అంకెలు మసకబారి ఉంటే, ఏది దేనికో ఇంటాయనకు ఒక్కడికే గుర్తుంటే, ఆ స్టేషన్‌ను ఇంకొకరు నడపలేరు. అందుకే స్విచ్ మీద తెలుగులో, పెద్ద అక్షరాలతో, పెచ్చు ఊడని టేపు మీద రాసి అంటించమంటాను. "ఒకటి, నలభై మీటర్లు, జిల్లాలకు." "రెండు, ఇరవై మీటర్లు, అమెరికా." ఎవరు కూర్చున్నా చదువుకుని తిప్పగలిగేలా.

ఇప్పటి రిగ్గులు కొన్ని బ్యాండ్ మార్చగానే తామే వెనక పిన్నుల్లోంచి సంకేతం పంపి సరైన రిలేను పడేస్తాయి. పోటీల్లో కూర్చునేవాళ్లకు అది వరం, 20 మీటర్ల శక్తి 40 మీటర్ల తీగలోకి పోయే పొరపాటు జరగదు. కొత్తగా నేర్చుకునేవాళ్లు మాత్రం చేత్తో తిప్పే స్విచ్‌తో మొదలుపెట్టడం మంచిదని నా నమ్మకం. చేత్తో తిప్పినవాడికే ఏ తీగ ఏ వేళ ఎలా వింటుందో ఒంటబడుతుంది.

పన్నెండేళ్లు నిండిన ఎవరైనా కేంద్ర ప్రభుత్వ పరీక్ష రాసి ఈ లైసెన్సు తీసుకోవచ్చు. లైసెన్సు వచ్చాక లాగ్‌బుక్ మొదలుపెడతారు కదా. తేదీ, వేళ, ఫ్రీక్వెన్సీ, అవతలి పిలుపు, ఇచ్చిన రిపోర్టు, వచ్చిన రిపోర్టు అని గళ్లు గీస్తారు. వాటి పక్కన ఇంకో గడి గీయండి. మాట్లాడినప్పుడు స్విచ్ ఏ అంకె మీద ఉందో అందులో రాయండి. రెండో అంకె మీద వినపడకపోయి మూడో అంకె మీద వినపడితే, అదీ రాయండి. శీతాకాలం, వేసవి, వానాకాలం ఒక చుట్టు తిరిగేసరికి మీ ఇంటి మీది ఏ తీగ ఏ నెలలో, ఏ గంటకు, ఏ దేశాన్ని పట్టుకుంటుందో మీ చేతిరాతలోనే కనిపిస్తుంది. ఏ పుస్తకమూ మీ డాబా గురించి ఆ సంగతి చెప్పలేదు. తర్వాతి తీగ ఏ దిక్కుకు కట్టాలో ఆ గడి చూసి తేల్చుకోండి.